చెయ్యి అందినంత మేర

ఆ ఇంట్లో ముందుగది కిటికీ గూటిని ఎవరూ తుడవకూడదు. రైలింజన్ల షెడ్డు మూతపడి ఆయన ఇంటిపట్టున కూర్చున్న కొత్తలో ఇల్లాలికి ఆ సంగతి తెలియక, ఒకరోజు తడిగుడ్డ పెట్టి గూడంతా అద్దంలా తుడిచేసింది. ఆయన వచ్చి చూసి, ఇంట్లో దొంగలు పడ్డట్టు నిలబడిపోయాడు.

"ఇక్కడి దుమ్మేదీ?" అన్నాడు.

"దుమ్మేదీ అని అడిగే మొగుణ్ణి లోకంలో ఎక్కడా చూడలేదు," అంది ఆమె.

అప్పటినుంచి ఇరుగుపొరుగుతో ఆమె చెప్పుకునే మాట ఒకటే: "మీ ఇళ్లల్లో దుమ్మంటే దుమ్ము. మా ఇంట్లో ముడిసరుకు."

ఆ కిటికీ రైలు పట్టాల వైపు ఉంటుంది. బండి వెళ్లినప్పుడల్లా చక్రాలూ బ్రేకులూ రాపాడి లేచే సన్నటి గోధుమరంగు పొడి వచ్చి గూట్లో పేరుకుంటుంది. దాన్ని ఆయన అట్టముక్కతో పోగుచేసి, పలచటి గుడ్డ కట్టిన టీ వడపోతలో జల్లించి, మందుసీసాల్లో పోసి దాచుకుంటాడు. ఆ వరసలోనే ఇటుకపొడి, సుద్దపొడి, బూడిద, పొగగొట్టంలో గోకిన మసి. వంటింట్లోంచి వడపోత మాయమైతే ఎక్కడుంటుందో ఇల్లాలికి తెలుసు. మొహానికి పౌడరు అద్దుకునే కుచ్చు మాయమైనా తెలుసు.

షెడ్డులో ఆయన్ని అందరూ జీరో అనేవారు. వెక్కిరింపేమీ కాదు. ఇంజన్ల ఒంటిమీద పసుపు గీతలు గీసి, నంబర్లు రాసే పెయింటరు ఆయన. చేతిలో ఎప్పుడూ అన్నిటికంటే సన్నటి జీరో నంబరు బ్రష్షు ఉండేది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. షెడ్డు మూసిన రోజు సభలో పెద్ద అధికారి కూడా "మన జీరో గారి సేవలు" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆ షెడ్డు మూసేశాక, ఇంజన్లన్నీ తుక్కు కింద కోసేశాక, చేతులు ఊరుకోక ఆయన మొదలుపెట్టిన పని ఇది. నిజం ఇంజన్లకు బొమ్మలు కట్టడం. పిల్లలాడుకునే బొమ్మలు కావు. జానెడున్నర పొడవులో, ఏ భాగం ఎంతుండాలో అంతే ఉండేట్టు, ఇత్తడి రేకు సన్నటి రంపంతో కోసి, టంకం పెట్టి అతికినవి. రేకును తిరగేసి సూదితో ఒక్కొక్క పోటు పొడిస్తే ఇవతల రివెట్లు లేస్తాయి. ఒక్క పోటు పక్కకు పోతే రేకంతా పారేయాల్సిందే. చక్రాలు మాత్రం ఆయనవల్ల అయ్యేవి కావు. వీధి చివర గడియారాలు బాగుచేసే స్నేహితుడు తన చిన్న లేతు మీద తిప్పి ఇచ్చేవాడు. "నా ముళ్లు ఎంత తిరిగినా ఉన్నచోటే తిరుగుతాయి. నీ చక్రాలన్నా ఎటైనా పోతాయిలే," అనేవాడు. అవీ ఎటూ పోయేవి కావు. జీరో ఇంజన్లలో మోటారుండదు. అవి గుర్తుంచుకోవడానికి కట్టినవి, పరిగెత్తడానికి కాదు.

కట్టడం ఒక ఎత్తు, మాపడం ఒక ఎత్తు. మాపడం అంటే కొత్తబట్టను మాసిన బట్టగా చెయ్యడం లాంటిదే. మొదట ఇంజనుకు కొత్తదానిలా నిగనిగలాడే రంగు వెయ్యాలి. అంత కష్టపడి తెచ్చిన మెరుపును తర్వాత తన చేత్తోనే చంపాలి. గోధుమరంగూ నలుపూ టర్పెంటైన్‌లో టీ నీళ్లంత పలచగా కలిపి, పైనుంచి పారనిచ్చి, ఆరేలోపల పొడిబ్రష్షుతో కిందికి లాగాలి. వాన జారిన చారలా ఉండాలది. రివెట్ల చుట్టూ మడ్డి నిలవాలి. ఆ పైన సీసాల్లోని పొడులు, పొగగొట్టం దగ్గర మసి, నీళ్లు కారే చోట సుద్ద. తొలి ఇంజనప్పుడు ఇవన్నీ అద్ది, ఊడిపోకుండా పైన వార్నిష్ కొట్టాడు. పొద్దున్నే చూస్తే అన్నాళ్లు అద్దిన మురికంతా వార్నిష్ తాగేసింది. ఇంజను మళ్లీ తళతళ. ఇల్లాలు చూసి, "ఆ సీసా ఇలా ఇవ్వండి, వంటింటి గచ్చుకు కొడతాను," అంది.

ఆ పొడుల్లో మసి సీసా మూత తీసినప్పుడల్లా ఆయనకు అక్క గుర్తొచ్చేది.

అక్క అంటే తోడబుట్టిన అక్క, ఆయన్ని పెంచిన అక్క కూడా. నాన్న పోయిన ఏడాది ఆవిడ షెడ్డులో తుడిచేవాళ్ల గుంపులో చేరింది. అందరూ ఆడవాళ్లే. రాత్రి డ్యూటీ దిగిన ఇంజను తెల్లవారి మళ్లీ బయల్దేరేలోపల కిరోసిన్‌లో ముంచిన నూలు వేస్టు దారాల ముద్దతో దాని ఒళ్లు తుడవడం వాళ్ల పని. తుడిచి ఇంటికొచ్చేసరికి తమ్ముడు గడపలో కూర్చుని ఉండేవాడు. అక్క వచ్చీ రాగానే మసివేలితో వాడి పైపెదవి మీద మీసం గీసేది. "ఇదిగో, మగాడివైపోయావు. పోయి నీళ్లు పట్టు," అనేది. ఆవిడ చేతులు కడుక్కుంటుంటే కాలవలో నల్లటి నీళ్లు పారేవి. వాడు ఆ నీళ్లతోపాటు వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. అది మా నది అనేవాడు. ఎంత కడిగినా అక్క అరచేతి గీతల్లో నలుపు పోయేది కాదు. అక్క చేతిగీతలు పుట్టుకతోనే అంతేనని వాడు చాలాకాలం నమ్మాడు.

ఇంజన్లు తుడవడానికి ఆ గుంపుకు కిరోసిన్ ఇచ్చేవారు. చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇవ్వలేదు. షెడ్డువాళ్లను అడిగితే, మీరు మా మనుషులు కారు, కాంట్రాక్టరును అడగండి అన్నారు. కాంట్రాక్టరును అడిగితే, మురికి నాది కాదు, షెడ్డుది అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఆ ఆడవాళ్ల జీవితం గడిచిపోయింది. షెడ్డు మూసిన రోజు పర్మినెంటు వాళ్లకు సభ జరిగింది, టీ ఇచ్చారు, నాలుగు మంచిమాటలు చెప్పారు. గుంపుకు మాత్రం గేటు చూపించారు.

తమ్ముణ్ణి రంగుల షెడ్డులో పెట్టమని మేస్త్రీని పట్టుకు వేలాడింది కూడా అక్కే. రంగుల షెడ్డు యార్డుకు అవతల, ఇంజన్లు నడిచే చోటికి దూరంగా ఉండేది. పొడిగా, దుమ్ము పడకుండా, తలుపులు మూసి ఉండేది. వాడు నల్లబడకూడదనే అక్క ఆ చోటు ఏరి పట్టుకుంది.

ఇన్నేళ్ల తర్వాత ఊరివాళ్లు ఆ పాత షెడ్డుకు సున్నం కొట్టి, దీపాలు పెట్టి, ప్రదర్శనశాలగా మార్చారు. దాని బాధ్యత చూసే అమ్మాయి ఒకరోజు జీరో ఇంటికొచ్చింది. చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. గోడ గూళ్లలో వరసగా పెట్టిన ఇంజన్లను ఒక్కొక్కటే వంగి చూసింది.

"బాబాయి గారూ, మాకు పొట్టిది కావాలి. మీరే కట్టాలి," అంది.

పొట్టిదంటే ఆ షెడ్డు సొంత ఇంజను. బొగ్గూ నీళ్లూ తన వీపు మీదే మోసుకుంటూ పొద్దునపూట పనివాళ్ల బండిని లాక్కొచ్చే కురచ ఇంజను. ఊళ్లో దాని కూత వినే గడియారాలు సరిచేసుకునేవారు. దాని ఇనుపముక్క కూడా ఇప్పుడు మిగల్లేదు.

"ఈ ఫొటోలో ఎలా ఉందో అలా ఉంటే చాలు," అని ఆ అమ్మాయి ఒక ఫొటో ఇచ్చింది.

ఆ ఫొటో ఆయనకు తెలుసు. కొత్తగా రంగు వేసి బయటికి తెచ్చిన రోజు తీసింది. ముందు కుర్చీల్లో అధికారులు, వెనక డ్రైవర్లూ మెకానిక్కులూ, అంచున తలకాయ మాత్రం కనబడుతూ తను. తుడిచేవాళ్లను ఆ పూట నీళ్ల ట్యాంకు వెనక్కి పంపేశారు, బట్టలు మురికిగా ఉన్నాయని. ఇంజను మెరవాలి, మెరిపించినవాళ్లు కనబడకూడదు. లోకంలో చాలా ఫొటోలు ఇలాగే తీస్తారు.

ప్రారంభం రోజుకు ఆహ్వానం కూడా ఆ అమ్మాయే చేతికిచ్చి వెళ్లింది. షెడ్డు ఉద్యోగులందరికీ వెళ్లిందట. గుంపులో ఒక్కరికీ రాలేదు. వాళ్లు ఉద్యోగుల లెక్కలో ఎప్పుడూ లేరు కదా.

జీరో ఆ కార్డు పట్టుకుని రెండు వీధుల అవతల అక్క ఇంటికి వెళ్లాడు.

"నాతో పాటు రా అక్కా. నా పక్కనే నడిచి వద్దువుగాని."

"నీ పక్కన నడవడానికి నేనేమన్నా నీ చేతికర్రనా?" అంది అక్క. "పని చేసినన్నాళ్లూ పక్కనున్న చిన్న తలుపులోంచి వెళ్లాను. ఇప్పుడు నీ చుట్టాన్నని చెప్పుకుని పెద్ద గేట్లోంచి వెళ్లాలా? నన్నెవరు పిలిచార్రా అక్కడికి?"

"నేను పిలుస్తున్నాను."

"నువ్వు మా ఇంటికొచ్చి నన్ను పిలవడమేంట్రా. టీ తాగి పో."

ఆయన టీ తాగాడు, వచ్చేశాడు. కానీ ఆ మాట అరగలేదు. అక్క లేని ఆ హాల్లో తన చేత్తో పొట్టిదాన్ని నిలబెడితే, నీళ్ల ట్యాంకు వెనక్కి ఆవిణ్ణి మళ్లీ పంపినట్టే. ఈసారి పంపేది తను. మెరిసే ఇంజను పెట్టకూడదని ఆ రోజే అనుకున్నాడు. మురికి కనబడితే, ఆ మురికితో పెనుగులాడిన మనిషి కూడా కనబడుతుంది కదా. అప్పుడైనా అక్క వస్తుందని ఆశ.

ఎండలు ముదిరి తగ్గేదాకా ఆయన దానిమీదే కూర్చున్నాడు. బాయిలరు, పొగగొట్టం, పక్కన నీళ్ల తొట్లు, వెనక బొగ్గు పెట్టె. ఆకుపచ్చ వేశాడు, నల్ల అంచు వేశాడు, పసుపు గీత ఊపిరి బిగబట్టి లాగాడు. చెయ్యి ఇంకా వణకలేదు. తర్వాత మాపడం మొదలెట్టాడు. తనకు తెలిసిన మురికినంతా తీశాడు. ఎర్రతుప్పు, పెచ్చులు లేచిన రంగు, చారలు. చక్రాల అంచుకు తుప్పు, చక్రాలను కలిపే కడ్డీలకు తుప్పు. పూర్తయ్యాక దీపం కింద పెట్టి చూసుకుంటే కళ్లు చెమర్చాయి. అచ్చం, అచ్చం అదే అనుకున్నాడు.

మర్నాడు అక్క ఏదో గిన్నె తిరిగివ్వడానికి వచ్చి బల్ల మీద దాన్ని చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది.

"ఒరేయ్, జన్మంతా ఆ మడ్డి నేను వదిలిస్తే, కనురెప్పంత బ్రష్షు పట్టుకుని నువ్వు మళ్లీ అంటిస్తున్నావా?"

"అదే వదినా, నేనూ రోజూ అడుగుతున్నా," అంది ఇల్లాలు. "ఇంట్లో ఉన్న మురికి చాలదట."

"పోనీలేవే. తాగుడూ పేకాటా లేవు, మట్టి పూసుకుంటున్నాడు," అంటూ అక్క కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు అటూ ఇటూ తిరిగి చూసింది.

"ఇది పొట్టిది కాదు," అంది.

"ఎందుక్కాదు? ఒక్క కొలత తేడా లేదు."

"కొలతలు నీకే తెలుసు. ఇది చచ్చిపోయిన ఇంజను." వేలు పెట్టి చూపించింది. "ఈ చక్రం చూడు. పట్టా మీద రోజూ తిరిగేదానికి తుప్పెక్కడిదిరా? రాసుకుని రాసుకుని వెండిగిన్నెలా ఉండేది. ఈ కడ్డీలు ఎర్రగా ఉన్నాయేంటి? నూనె కారుతూ ఉండేవి, మన చెయ్యి జారేది. ఇక్కడ తుప్పు చార పెట్టావు. అక్కడ బూడిద ఉంటుంది, తెల్లగా, పిండి జల్లినట్టు. ఇది ఎక్కడో మూల ఏళ్ల తరబడి పడున్న బండి."

తన రంగుల షెడ్డుకు ఇంజన్లు ఎలా వచ్చేవో జీరోకు అప్పుడు గుర్తొచ్చింది. నెలల తరబడి యార్డు చివర వానలో నిలబడి, పొయ్యి చల్లారి, తుప్పు పట్టి, ఇంకో ఇంజను ఈడ్చుకొస్తే వచ్చేవి. తను గోకి, రంగు వేసి పంపేవాడు. ఆవిరి ఎక్కిన ఇంజను ఒక్కటి కూడా ఆ తలుపు దాటి లోపలికి రాలేదు.

"నువ్వు చూసినవి అయితే చచ్చినవి, లేదంటే అప్పుడే పుట్టినవి," అంది అక్క. గొంతులో వెక్కిరింపు లేదు. "మధ్యలో బతుకంతా అది మా దగ్గరే గడిపిందిరా."

గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆయన ఆ పూట భోజనానికి లేవలేదు. ఇల్లాలు రెండుసార్లు పిలిచి, మూడోసారి పళ్లెం తెచ్చి ఇంజను పక్కన పెట్టింది. "ఇద్దరూ తినండి," అంది.

మర్నాడు పొద్దున్నే ఇంజనును చెప్పుల పెట్టెలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పు. అది బతికున్నప్పుడు ఎలా ఉండేది?"

"ఏముందిరా చెప్పడానికి? మురికయ్యేది, తుడిచేవాళ్లం. మళ్లీ మురికయ్యేది."

"ఎంత మేర తుడిచేవాళ్లు?"

"ఎంత మేరేంటి? చెయ్యి అందినంత మేర."

ఆవిడ ఆ మాట మామూలుగా అని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. ఆయన ముందుకు వంగాడు.

"పైన?"

"పైనెలా తుడుస్తాం? నిచ్చెన స్టోర్స్‌లో ఉండేది. పర్మినెంటు వాళ్లకే ఇచ్చేవారు. మా గుంపులో ఒకత్తి పొడుగని దానికే నిచ్చెన అని పేరు పెట్టుకున్నాం. అది మాత్రం బాయిలరు మీదికి ఇంకో మూరెడు తుడిచేది. నాకేమో గుప్పెడని పేరు పెట్టారు ముదనష్టపువాళ్లు. నా దగ్గరికొచ్చేసరికి కిందికే." నవ్వింది. "ఎవరి చోటు వాళ్లదే కదా. ముందు బఫర్ల దగ్గర్నుంచి నిచ్చెన. తర్వాత అక్కాచెల్లెళ్లిద్దరు, ఒకే ఎత్తు. వెనక బొగ్గు పెట్టె నాది. పైన పొగమసి అలాగే ఉండేది, కింద మేం తుడిచింది ఉండేది. మధ్యలో గీత గీసినట్టు కనబడేది. దూరంనుంచి చూస్తే అలల్లా."

జీరో లేచి నిలబడ్డాడు. "ఎక్కడిదాకా? గోడ మీద చూపించు."

అక్క గోడ దగ్గరికి వెళ్లి కుడిచెయ్యి పైకెత్తింది. భుజం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఇంకొంచెం ఎత్తబోయి పెదవి కొరుక్కుంది. ఆ భుజం ఏ పనిలో అరిగిందో ఇద్దరికీ తెలుసు.

"ఆ మేకు ఉందే, దాని కిందిదాకా," అంది చెయ్యి దించి. "నా చెయ్యి అంత మేర వెళ్లేది."

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడ గీత పెట్టాడు. "అక్కాచెల్లెళ్లు?" "కిటికీ పైకొయ్య దాకా." "నిచ్చెన?" "అదా, గడియారం తగిలించామే, దాన్ని కూడా తుడిచేసేది." ఆయన స్టూలెక్కి గీత పెంచుకుంటూ పోయాడు. ముందు ఎత్తు, తర్వాత సమంగా కొంతదూరం, చివర పల్లం. ఆ ఇంటి గోడమీద ఈ చివరనుంచి ఆ చివరకు సుద్దగీత సాగింది. అక్క వెనక్కి నడిచి, గుమ్మానికి ఆనుకుని, తలగుడ్డ సర్దుకుని చూసింది.

"అదిగో," అంది. "ఇప్పుడొచ్చింది పొట్టిది."

ఇంటికొచ్చి ఆయన చేసిన మొదటి పని టర్పెంటైన్ గుడ్డతో పాత మురికినంతా తుడిచెయ్యడం. జీవితంలో మొదటిసారి అక్క పని తను చేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. చక్రాల అంచులు గీకి ఇత్తడి బయటపెట్టి, వెండిరంగు పూశాడు. కడ్డీల మీద నూనెజిడ్డు మెరిసేట్టు పలచటి వార్నిష్ చుక్కలు పెట్టాడు. పై భాగానికి మసి. మసి నలుపు కాదని, పొద్దుగూకే వేళ మబ్బురంగని అక్క చెప్పింది. మసిలో గూట్లోని గోధుమరంగు పొడీ బూడిదా కలిపితే ఆ రంగు వచ్చింది. కింద భాగాన్ని మాత్రం బ్రష్షుతో ముట్టుకోలేదు. బొటనవేలికి నూనెబొట్టు అద్దుకుని, గుండ్రంగా, గుండ్రంగా రుద్దాడు. నూలు వేస్టు తిరిగిన జాడ అలాగే ఉంటుంది. ఆ రెంటికీ నడుమ గీత, ముందు ఎత్తుగా, చివర బొగ్గు పెట్టె దగ్గర కిందికి వంగి.

ప్రదర్శన అమ్మాయి వచ్చింది. పెట్టె మూత తీసి చూసి, మర్యాదగా కాసేపు ఆలోచించింది.

"తుడవడం సగంలో ఆపేశారేంటి బాబాయి గారూ?"

"ఆపలేదమ్మా. అయిపోయింది."

"ఈ గీత వంకరగా ఉంది."

"మనుషులందరూ ఒకే ఎత్తు ఉండరు కదమ్మా."

ఆయన చెప్పిందంతా ఆమె విన్నది. విని తల పట్టుకుంది. "నాకు అర్థమైంది. కానీ ఆ రోజు పెద్దవాళ్లొస్తారు. మన ఇంజను ఇంత మురికిగా ఉండేదా అంటారు. నామీదికొస్తుంది."

"మెరిసేది దుకాణంలో దొరుకుతుంది. కొనుక్కొచ్చి పెట్టండి. తప్పులేదు. ఇది మాత్రం ఇలాగే ఉంటుంది. ఇలా పెడితేనే ఇస్తాను."

ఆమె రెండూ చేసింది. హాలు నడిమధ్య బల్ల మీద కొనుక్కొచ్చిన మెరుపు ఇంజను, గుండ్రంగా వేసిన పట్టాల మీద తిరుగుతూ. ఒక మూల, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన, అద్దాల పెట్టెలో పొట్టిది. పక్కన చీటీ మీద ఏం రాయమంటారని అడిగితే జీరో చెప్పింది చెప్పినట్టే రాయించింది: పొట్టిది, పనిలో ఉన్న రోజుల్లో. షెడ్డు ఆడవాళ్లు తుడిచింది, చెయ్యి అందినంత మేర.

ఆ సంగతి అక్కకు చెప్పాడు. "సిలిండరు పక్కనా? మంచిచోటే," అంది అక్క. "వస్తావా?" అంటే వాకిట్లో నీళ్లు చల్లుతూ ఉండిపోయింది.

ప్రారంభం రోజు పెద్ద గేటు తెరిచారు. పెద్దవాళ్లు మాట్లాడారు. శ్రమ అన్నారు, చెమట అన్నారు, త్యాగం అన్నారు. ఎవరి చెమటో చెప్పలేదు. ఆ మాట చెప్పకుండా చెమట గురించి గంటసేపు మాట్లాడటం కూడా ఒక విద్యే. తర్వాత జనమంతా నడిమధ్య బల్ల చుట్టూ మూగారు. మూల దగ్గర జీరో, ఆయన పక్కన ఇల్లాలు.

"మీ ఇంజను పక్కన మీరు, మీ పక్కన నేను, నా పక్కన సిలిండరు," అంది ఆమె. "జనం దేన్ని చూడాలో తెలీక అటు పోతున్నారు."

ఆయన నవ్వలేదు. ఆయన చూపు పక్కనున్న చిన్న తలుపు మీదే ఉంది. దానికి కొత్తగా నీలంరంగు వేశారు. చాలాసేపటికి ఆ తలుపు కిర్రుమంది.

ముందు అక్క వచ్చింది. వెనక ఒక ముసలావిడ, నడుము వంగి, కర్ర పట్టుకుని. ఆ వెనక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్లు. జీరోకు ఆ కర్ర పట్టుకున్నావిణ్ణి పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఒకప్పుడు షెడ్డులో దూరంనుంచే కనబడే మనిషి. నిచ్చెన.

"నీకోసం రాలేదు," అంది అక్క. "చక్రాల తుప్పు తీశావో లేదో చూసిపోదామని వచ్చాం."

"చూడండి మరి," అన్నాడు, పక్కకు తప్పుకుని.

నలుగురూ అద్దాలపెట్టె చుట్టూ చేరారు. కళ్లద్దాలు ఒకరినుంచి ఒకరికి మారాయి. నిచ్చెన నడుము పట్టుకుని, ఉన్న ఎత్తునంతా కూడగట్టుకుని లేచి, వేలెత్తి అద్దం మీద ఆనించింది. పొగగొట్టం వెనక, గీత అన్నిటికంటే పైకి వెళ్లిన చోట.

"ఇది నాది," అంది.

"తెలుసులేవే. అక్కడిదాకా ఇంకెవరు పోతారు?" అంది చెల్లెలు. "ఇది మాది. చూడక్కా, ఎంత సమంగా ఉందో."

"గుప్పెడూ, నీ దగ్గర గుంట పడింది చూశావా?" అంది నిచ్చెన.

"గుంట కాదే. నా పైముక్క నువ్వు తుడుస్తానని రోజూ మాటిచ్చి రోజూ మర్చిపోయావు. అదే ఇది." అక్క అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది. "అందరికీ తెలిసేలా పెట్టాడు మా తమ్ముడు."

ప్రదర్శన అమ్మాయి మాటలు విని ఇటువైపు వచ్చింది. "అమ్మా, మీరు...?"

"ఈ గీత మాదమ్మా," అంది అక్క.

ఆ అమ్మాయి చీటీ వైపు చూసింది, వాళ్ల వైపు చూసింది, మళ్లీ గీత వైపు చూసింది. పోయి నాలుగు కుర్చీలు తెచ్చింది. ఒక్కొక్కటీ తనే మోసుకొచ్చింది. కుర్చీలు వేసేసరికి నడిమధ్య బల్ల దగ్గర్నుంచి కొందరు ఇటు తిరిగారు. నిచ్చెన వాళ్లకు కర్రతో చూపిస్తూ కిరోసిన్ వాసన సంగతి చెప్పడం మొదలెట్టింది. ఎవరో నవ్వారు, ఇంకెవరో దగ్గరికి జరిగారు.

అక్క కూర్చోలేదు. అద్దం నిండా వేలిముద్రలు పడ్డాయి. తలగుడ్డ కొస తీసి, నోటి ఆవిరి కొట్టి, గుండ్రంగా గుండ్రంగా తుడవసాగింది. ఎవరూ చెప్పలేదు, ఆ చెయ్యి అలవాటది. కిందంతా శుభ్రమైంది. పైన, ఆ భుజం ఎత్తనివ్వని చోట, నిచ్చెన వేలిముద్ర అలాగే ఉండిపోయింది. జీరో దాన్ని తుడుద్దామని జేబులోంచి రుమాలు తీశాడు. తీసి, మడత విప్పి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దు వాలాక నిచ్చెన కర్ర వెతుక్కుంటూ లేచింది. చిన్న తలుపు వైపు రెండడుగులు వేసింది.

"ఎటే?" అంది అక్క. "ఆ పెద్దది తెరిచే ఉందిగా."